ఎగువ రద్దు

గువ్వలేరు పక్కదేశంలో పుట్టిందన్న సంగతి దేశంలో అందరికీ తెలుసు, ఒక్క చట్టసభకి తప్ప. అయిదో తరగతి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవారు: జోడుకొండల మీద పుట్టి, అక్కడివాళ్ళ నోట మోదుగేరు అనిపించుకుంటూ నూటనలభై కిలోమీటర్లు పారి, నూట పదకొండో సరిహద్దు రాయి దగ్గర మన నేల మీద కాలుపెట్టి, అక్కణ్ణుంచి గువ్వలేరు అనే పేరుతో పోయి పోయి సముద్రంలో కలుస్తుంది అని. ఇన్నేళ్ళుగా ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు.

అయితే ఆ ఏడు దేశానికి స్వదేశీ పూనకం పట్టింది. చెప్పులు, చీపుళ్ళు, గొడుగులు, అన్నీ ఇక్కడ పుట్టినవే వాడాలన్నారు. ఆఫీసులో ఎవరికైనా జలుబు చేస్తే అది స్వదేశీ జలుబేనని డాక్టరు రాసిస్తే గానీ సెలవు దొరికేది కాదు. సరిగ్గా ఆ వేడిలో ఒక సభ్యుడు లేచి, మనం తల్లీ అని మొక్కే గువ్వలేరు పుట్టిల్లు ఎక్కడో సెలవియ్యాలని మంత్రిగారిని అడిగాడు. మంత్రిగారు చేతికందిన కాగితాన్ని ముందుగా చూసుకోకుండా ఉన్నదున్నట్టు చదివేశారు. ఇంకేముంది, సభ దద్దరిల్లిపోయింది. కన్నతల్లి పరాయిదా అని కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, కొందరు బల్లలెక్కారు. సాయంత్రానికల్లా 'గువ్వలేరు స్వదేశీ జన్మస్థల నిర్ధారణ సంఘం' ఏర్పాటైంది. దానికి అధ్యక్షుడు పరబ్రహ్మం గారు. రిటైరయ్యాక ఆయనకిది ఏడో సంఘం. నది మన దేశంలో పుట్టిందా లేదా అన్నది ఆయన తేల్చనక్కర్లేదు. మన దేశంలో ఎక్కడ పుట్టిందన్నది మాత్రం మూడు నెలల్లో తేల్చాలి.

ఈ గొడవేదీ తెలియని మనిషి గవిరయ్య. నూట పదకొండో రాయి పక్కన, ఎత్తయిన ఏటిగట్టు మీద, నీటిపారుదల శాఖవారి రెండు గదుల క్వార్టరు. దాని ఎదుట నీళ్ళలో పాతిన అడుగుల కొయ్య. పొద్దున్నా సాయంత్రం ఆ కొయ్య మీద నీళ్ళు ఎన్నడుగులున్నాయో చూసి రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రాయికి అవతల, అరిస్తే వినబడేంత దూరంలో, పక్కదేశంవాళ్ళ కొయ్య ఉంది. దాన్ని చూసే మనిషి లోకనాథం. ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవారు. పైన పెద్దల మధ్య ఎన్ని మాటలు చెడినా వీళ్ళ మధ్య ఒక్క మాట మాత్రం తప్పేది కాదు. కొండల మీద ఏరు పొంగగానే లోకనాథానికి ఫోనొచ్చేది. అతను పరుగున రాయి దగ్గరికొచ్చి, బావా అని కేకేసి, ఎన్నడుగులు వస్తోందో చెప్పేవాడు. కొండల నుంచి ఆ నీళ్ళు ఇక్కడికి చేరడానికి తొమ్మిది గంటలు పడుతుంది. ఆ తొమ్మిది గంటలే లంకపాలేనికి ఆయువు.

లంకపాలెం అంటే మైలు దూరాన ఏటి నడుమ ఉన్న లంక. అరవై గడప. అందులో ఒక గడప గవిరయ్య భార్య పైడమ్మ పుట్టిల్లు. కాళ్ళు పడిపోయిన తల్లీ, ఇద్దరు తమ్ముళ్ళూ, వాళ్ళ సంసారాలూ అక్కడే. వరదొస్తే లంక మీంచి జనాన్ని దాటించడానికి శాఖవారి రెండు పెద్ద పడవలున్నాయి. అవి రేవులో గొలుసులతో కట్టేసి ఉంటాయి. తాళాలు పట్నంలో ఇంజనీరు విభీషణరావు గారి దగ్గర. గవిరయ్య వరద హెచ్చరిక ఫారం నింపి ఫోన్లో చదివి వినిపిస్తే ఆయన జీపు ఇచ్చి తాళాలు పంపుతారు. ఇరవై రెండేళ్ళలో లంక పదకొండుసార్లు మునిగింది, ఒక్క ప్రాణం పోలేదు.

సంఘంవారు మూడు జీపుల్లో దిగారు. గట్టు మీద నిలబడి పరబ్రహ్మం గారు, నది ఎక్కడ మొదలవుతుందోయ్ అని గవిరయ్యని అడిగారు. గవిరయ్య ఉత్తరానికి చెయ్యి చూపించి, అదిగో ఆ కొండల్లో బాబూ అన్నాడు. అటు చూపించకు, అటు మన పరిధి కాదు, పరిధిలో ఎక్కడ మొదలవుతుందో అది చెప్పు, అన్నారాయన. పరిధిలో మొదలవదు బాబూ, వస్తుందంతే, అన్నాడు గవిరయ్య. పక్కనే ఉన్న విభీషణరావు గారు అతని కాలు తొక్కారు.

రెండ్రోజులు వాళ్ళు గొలుసులు పరిచి, దుర్భిణీలు బిగించి, గట్టంతా గాలించారు. మూడోరోజు భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి పరబ్రహ్మం గారు క్వార్టరు వెనక్కి వెళ్ళారు. అక్కడ పైడమ్మ గిన్నెలు తోముకునే బండ. ఆ బండ పగులులోంచి సన్నగా నీటిధార కారి, బచ్చలిపాదు తడుపుకుంటూ గట్టు దిగి ఏట్లో పడుతోంది. ఆయన ధార కింద చెంబు పెట్టి పట్టి చూశారు. మోకాళ్ళ మీద కూర్చున్నారు. కాసేపటికి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు.

ఆ ధార సంగతేమిటంటే, పెరట్లో ఎత్తు దిమ్మ మీద నీళ్ళ ట్యాంకు ఉంది. మోటారు ఏట్లోంచి నీళ్ళు తోడి దాన్ని నింపుతుంది. దాని గొట్టానికి వాషరు పోయి మూడేళ్ళయింది. వాషరు మంజూరు చెయ్యమని గవిరయ్య పందొమ్మిది అర్జీలు పెట్టాడు, దేనికీ దిక్కులేదు. కారిన నీరు బండ కిందికి ఇంకి పగులులోంచి వస్తోంది. ఈ ముక్క చెబుదామని గవిరయ్య నోరు తెరిచేలోగా అధ్యక్షులవారు పైడమ్మని పిలిచి, ఈ ఊట వేసవిలో ఎండుతుందా తల్లీ అని అడిగారు.

"ఎందుకెండుతాది బాబూ. మోటారు ఆడినన్నాళ్ళూ కారతానే ఉంటాది," అంది పైడమ్మ.

"రాసుకోండి," అన్నారు పరబ్రహ్మం గారు. "ఎన్నడూ ఎండనిదని స్థానిక మహిళ వాంగ్మూలం."

నివేదిక నాలుగు వందల పేజీలొచ్చింది. సారాంశం ఇది: "సరిహద్దుకు ఆవల గువ్వలేరు అను పేరుగల నది ఏదియు లేదని పొరుగుదేశపు పటములే అంగీకరించుచున్నవి. లేని నది అచ్చటి నుండి వచ్చుట అసంభవము. కావున సదరు బండ యందలి ఊటయే గువ్వలేరు మూలస్థానమని నిర్ధారించడమైనది. సరిహద్దు మీదుగా వచ్చుచున్నట్లు కంటికి తోచుచున్న జలమును మూలము తెలియని అదనపు జలముగా పరిగణించవలెను." సభ నిలబడి చప్పట్లు కొట్టింది. మిఠాయిలు పంచారు. పటాలు కొత్తగా అచ్చేశారు. వాటిల్లో గువ్వలేరు గవిరయ్య పెరట్లో చుక్కలా మొదలై దక్షిణానికి పోతుంది, ఉత్తరాన తెల్ల కాగితం.

పైడమ్మ తోముడు బండ మీద పాలరాతి మండపం లేచింది. చుట్టూ కటకటాలు వేసి, తుపాకీతో ఒక జవానుని కాపలా పెట్టారు. బచ్చలిపాదు పీకేశారు. ఎంగిలి గిన్నెలు జన్మస్థలానికి వందగజాల లోపు తోమరాదని బోర్డు పెట్టారు. మర్నాటి నుంచి పైడమ్మ అంట్లు నెత్తినపెట్టుకుని గట్టు దిగి ఏటికి పోయేది, దారిపొడుగునా పరబ్రహ్మం గారిని ఏడుతరాల దాకా తిట్టుకుంటూ. అంతా అయ్యాక వాషరు మంజూరైంది. దాంతోపాటే ఇంకో కాగితం, సదరు వాషరు బిగిస్తే కఠిన చర్యలు తీసుకోబడునని. మోటారు ఇరవైనాలుగు గంటలూ నడిపి ట్యాంకు నిండుగా ఉంచాలన్నారు. నది నదిలోంచి నీళ్ళు తోడించుకుని రోజూ పుడుతోంది పాపం.

అక్కడితో ఆగినా బాగుండేది. నది ఇక్కడే పుట్టినప్పుడు దానికి ఎగువ ఎక్కడిది? ఎగువ అనునది లేదు కనుక ఆ మాట ఇకపై ఏ కాగితంలోనూ వాడరాదని సర్క్యులర్ వచ్చింది. రిజిస్టర్లో 'ఎగువ మట్టం' అన్న గడి మీద నల్లకాగితం అంటించారు. క్వార్టరుకి ఉత్తరం వైపున్న కిటికీలోంచి చూస్తే ఎగువ కనబడుతోందని తాపీవాళ్ళొచ్చి ఇటుకలు పేర్చి మూసేశారు. రాయి దగ్గర లోకనాథంతో మాట్లాడటం లేని ప్రదేశం నుంచి సమాచారం కల్పించడం కిందికి వస్తుందన్నారు. వరద హెచ్చరిక ఫారం కూడా మారింది. ఇదివరకు ఆరు గడులుండేవి, ఇప్పుడొక్కటే: మూలస్థానం వద్ద ప్రవాహం ఎంత.

ఇక సంజాయిషీలు మొదలయ్యాయి. మూలస్థానంలో గంటకి మూడు చెంబులు పుట్టిన నది, పదడుగుల దూరంలో నీ కొయ్య దగ్గర ఆరడుగుల లోతు ఎట్లయిందో వివరించుము. గవిరయ్య వాన పడిందని రాశాడు. నీ వానమాపకంలో సున్నా ఉన్నదే అని తిరుగు టపా. అదనపు జలం అని రాశాడు. అదనపు జలమునకు అనుమతి ఎవరిచ్చిరి అని తిరుగు టపా. గవిరయ్యకి తలప్రాణం తోకకొచ్చింది. దొంగచాటుగా లోకనాథంతో చెప్పుకుంటే అతను పడీ పడీ నవ్వి, అక్కడా అదే భాగోతమని చెప్పాడు. వీళ్ళ పటం చూసి వాళ్ళ పెద్దలకి రోషమొచ్చింది. నది పుట్టుక మీదైతే మోక్షం మాది అని, మోదుగేరు నూట పదకొండో రాయి దగ్గర భూమిలో లయమైపోతుందని వాళ్ళూ తీర్మానించారు. అంత నీరూ ఎక్కడ దాచావని లోకనాథాన్ని నెలకోసారి అడుగుతున్నారు. ఒక నది చచ్చిపోయిన చోట ఇంకో నది పుడుతోంది, మధ్యన రాయి మందమంత జాగా.

శ్రావణం నడుస్తోంది. ఒక పొద్దున్న ఏడింటికి గవిరయ్య పళ్ళు తోముకుంటుంటే రాయి అవతల లోకనాథం నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. బావా అని కూడా పిలవలేదు.

"ఇరవై ఎనిమిది అడుగులు," అన్నాడు. "రాత్రంతా కొండల మీద కుంభవృష్టి. నా ఉద్యోగంలో ఇంత ఎప్పుడూ చూళ్ళేదు. సాయంత్రం నాలుగింటికల్లా నీ దగ్గరుంటుంది. లంక ఖాళీ చేయించు."

ఇరవై అడుగులకే లంక మునుగుతుంది. ఇరవై ఎనిమిదంటే కొబ్బరిచెట్ల మొవ్వులే మిగులుతాయి. ఇక్కడ చూస్తే మబ్బుతునక లేదు, ఎండ పెళపెళా కాస్తోంది, ఏరు ఆరడుగుల్లో బుద్ధిగా పోతోంది. గవిరయ్య లోపలికి పరిగెత్తి విభీషణరావు గారికి ఫోను చేశాడు.

ఎవరు చెప్పారని ఆయన అడిగారు. అది చెప్పకూడని పేరు. ఎక్కడ వాన పడిందని అడిగారు. అదీ చెప్పకూడని చోటే. మూలస్థానంలో ఎంత ఉందన్నారు. ఎప్పట్లాగే గంటకి మూడు చెంబులన్నాడు గవిరయ్య. మూడు చెంబులతో వరదేమిటయ్యా అని ఆయన కసిరారు. విభీషణరావు గారు చెడ్డమనిషి కాదు. ఇదే గట్టు మీద ఆయనకి మూడు వరదల అనుభవం ఉంది.

"గవిరయ్యా, అరవై కుటుంబాలని నాకూ తెలుసు," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "ఆ గడిలో తగిన అంకె లేకుండా తాళాలు పంపితే నన్ను ఇంటికి పంపుతారు, పడవల్ని మధ్యలోనే ఆపేస్తారు. నాకా గడిలో అంకె కావాలి. జవాను సాక్షి సంతకం కావాలి. ఇంకేమీ వద్దు."

ఫోను పెట్టేసి గవిరయ్య మంచం మీద కూలబడ్డాడు. దొంగ అంకె వేద్దామంటే జవాను నిఖార్సయిన మనిషి, కంటితో చూడనిదానికి సంతకం చెయ్యడు. పైడమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఏడవలేదు, అరవలేదు. మా అమ్మ తనంతట తాను మంచం దిగలేదు తెలుసా అని మాత్రం అంది. గవిరయ్యకి తన చేతకానితనం మీద, ఆ మూడు చెంబుల మీద, నాలుగు వందల పేజీల మీద ఒక్కసారిగా మండిపోయింది. మంచం కింది పానా తీసుకుని పెరట్లోకి నడిచాడు.

ట్యాంకు అడుగున ఒక పెద్ద వాల్వు ఉంది. ఏడాదికోసారి అడుసు కడగడానికి తప్ప దాన్ని తిప్పరు. గవిరయ్య రెండు చేతులా పానా పట్టి బలమంతా పెట్టి తిప్పాడు. ట్యాంకెడు నీళ్ళూ భళ్ళున బండ మీద పడ్డాయి. పాలరాతి మండపంలోంచి నీళ్ళు మెట్లు దాటి, కటకటాల్లోంచి ఉరుకుతూ, జవానుని మోకాళ్ళ దాకా తడిపేశాయి. జవాను తుపాకీ నెత్తిన పెట్టుకుని, ఏంటి గవిరయ్యా ఇది అన్నాడు. మూలస్థానం పొంగింది, నువ్వే సాక్షివి, అని ఫారం చేతికిచ్చాడు గవిరయ్య. జవాను తన తడిసిన కాళ్ళకేసి చూసుకుని, కనబడుతోంది కదా అని సంతకం చేశాడు. గంటకి మూడు చెంబుల చోట గంటకి ఆరొందల బిందెలు. గవిరయ్య ఫోన్లో చదివాడు. విభీషణరావు గారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, జీపు పదింటికల్లా రేవులో ఉంది.

లంకలో కొందరు ఆకాశంకేసి చూసి, ఇంత ఎండలో వరదేంటి, ఉద్యోగస్తులకి మతిపోయిందని మొరాయించారు. పైడమ్మ మొదటి పడవలోనే వెళ్ళింది. తల్లిని తమ్ముళ్ళచేత మంచంతో సహా ఎత్తించి, ఇంటింటికీ తిరిగి జుట్లు పట్టుకున్నంత పనిచేసి బయటికి లాగింది. మూడున్నరకి ఆఖరి పడవ గట్టు తగిలింది, మేకలతో సహా. నాలుగూ పదికి ఏరు రంగు మారింది. అయిదింటికి లంక లేదు. పాలరాతి మండపాన్ని గట్టు అంచుతో సహా ఏరు తీసుకుపోయింది. ఎత్తు మీదున్న క్వార్టరు మిగిలింది. ట్యాంకు కూలిపోయింది. జనమంతా పట్నం బడిలో ఉన్నారు, తలలు లెక్కపెడితే ఒక్కటీ తగ్గలేదు. గవిరయ్య గట్టు మీద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, సంతోషం పట్టలేక.

పదిహేనో రోజున వరదకి కారణం తేల్చడానికి సంఘం వచ్చింది. అధ్యక్షుడు పరబ్రహ్మం గారు, ఆయనకిది ఎనిమిదోది. బడి వరండాలోనే విచారణ. ఒక పక్క అరవై కుటుంబాలు, వాళ్ళ పొయ్యిలు, మేకలు. ఇంకో పక్క బల్ల వేసుకుని సంఘం.

పరబ్రహ్మం గారు చాలా మర్యాదగా మొదలుపెట్టారు. మూలస్థానంలో ప్రవాహం పెరిగిందని నువ్వే రాశావా అని అడిగారు. రాశానన్నాడు గవిరయ్య. జవాను వాంగ్మూలం తిరగేసి, అంతకుముందు వాల్వు ఎవరు తిప్పారన్నారు. నేనేనన్నాడు. తిప్పక ముందు వరద ఉన్నదా? లేదు. తిప్పిన తర్వాత వచ్చినదా? వచ్చింది. సంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు.

"అయ్యా, ఆ నీళ్ళు..." అని గవిరయ్య ఉత్తరం వైపు చెయ్యెత్తాడు.

"ఆగు," అన్నారు పరబ్రహ్మం గారు. "నీ మేలు కోరి చెబుతున్నాను. ఆ నీరు లేని చోటి నుండి వచ్చినదని నువ్వంటే, నీ ఫారం అబద్ధమవుతుంది. ఫారం అబద్ధమైతే ఈ జనం వరద బాధితులు కారు. అనుమతి లేకుండా ఇళ్ళు వదిలి బడిని ఆక్రమించినవారు. వీరి బియ్యమూ, కొత్త ఇళ్ళూ అన్నీ ఆగిపోవును. ఆలోచించుకుని చెప్పు. ఈ వరద ఎవరు తెచ్చారు?"

గవిరయ్య వరండా ఆ చివరకి చూశాడు. పైడమ్మ తల్లికి గంజి పడుతోంది. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దించుకున్నాడు.

"నేనే తెచ్చాను బాబూ," అన్నాడు.

తీర్పు అక్కడికక్కడే చదివారు. పానా ఒక్కటి చేతబట్టి ఇరవై ఎనిమిది అడుగుల వరదను సృష్టించి అరవై గృహములను జలమయం చేసినందుకు గవిరయ్యను ఉద్యోగం నుంచి తొలగించడమైనది. ప్రజల భద్రత దృష్ట్యా ఇతడు జీవితాంతం ఏ కుళాయిని గానీ వాల్వును గానీ ముట్టరాదు. సకాలంలో హెచ్చరిక పంపినందుకు ఇతనికే ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు, అది వేరే ఫైలు కనుక.

క్వార్టరు ఖాళీ చెయ్యడానికి వారం గడువు. గవిరయ్య రెండు కాగితాలూ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. తీర్పు బడి వరండాలోనే విన్న పైడమ్మ అతనికంటే ముందే ఇల్లు చేరింది. లోపల్నుంచి ఇత్తడి బిందె తెచ్చి అతని పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది కూడా.

"పెళ్ళయిన్నాటి నుంచీ బిందెడు నీళ్ళు తెమ్మంటే ఒక్కనాడు తెచ్చిన పాపాన పోలేదు," అంది. "ఊరు మునిగేటన్ని నీళ్ళు తెచ్చినావంట గదా, గవుర్మెంటోళ్ళే రాసిచ్చినారు. ఇంకేం చెబుతావు? లే."

గవిరయ్య బిందె చంకన పెట్టుకుని ఏటికి బయల్దేరాడు.